నీలం డ్రమ్ములో చందమామ

మా అపార్ట్‌మెంటు మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక నీలం డ్రమ్ము ఉంది. దాని నిండా ఇసుక. ఆ ఇసుకలో తాటిటెంకలు. ఆ టెంకల కింద తేగలు ఊరుతున్నాయి, కనీసం ఊరుతూ ఉండాలి. రేపు ఆదివారం పొద్దున్నే వాటిని తవ్వబోతున్నాను. నలభై దాటినదాన్ని, గుడివాడలో ఇన్సూరెన్సు ఆఫీసుకి రోజూ టైముకి వెళ్లి టైముకి వచ్చేదాన్ని, తిరునాళ్లకి బయల్దేరబోయే పిల్లలా ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. ఒంట్లో బాగానే ఉందా అని మా ఆయన ఇందాకటి నుంచీ అడుగుతున్నాడు.

బాగానే ఉంది. ఈ మధ్యకాలంలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. ఆ డ్రమ్ము పెట్టిన మనిషి మాత్రం ఇప్పుడు లేడు. కార్తీకమాసంలో పోయాడు. ఆయన గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను గానీ, ఏడుస్తూ రాస్తే ఆయనకి నచ్చదని ఊరుకున్నాను. ఇవాళ హుషారుగా ఉన్నాను కాబట్టి ఇవాళే రాసేస్తాను.

మావయ్య అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నా చిన్నప్పుడు చల్లపల్లిలో మా ఎదురింట్లో ఉండేవాడు, మా వీధి పిల్లలందరికీ మావయ్యే. తర్వాత అవనిగడ్డ అవతల సొంత ఊరికి వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడు పుట్టాడు, ఏం చదివాడు, ఎంత సంపాదించాడు, ఇవన్నీ నేను చెప్పలేను, నాకు సరిగా తెలియవు. ఆయన చొక్కా సంగతి మాత్రం బాగా తెలుసు.

చలికాలం పొద్దున స్నానానికి వెళ్లేముందు ఉతికిన చొక్కాని తీగ మీద ఎండ తగిలేచోట వేసి వెళ్లేవాడు. స్నానం చేసొచ్చి, ఒళ్లు తుడుచుకుని, వేడెక్కిన ఆ చొక్కా తొడుక్కుని "అబ్బా" అనేవాడు. ఆ అబ్బా వీధి చివరిదాకా వినిపించేది. వంటింట్లోంచి మా అమ్మ, "అయిందమ్మా ఆయనగారి వైభోగం" అనేది. నేను స్కూలుకి తయారయ్యే వేళ కూడా అదే. మా ఇంట్లో గడియారం ఆగిపోయినా ఆ అబ్బా వినబడితే జడలు వేసుకునేవాళ్లం.

బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసేవాడు. "తర్వాతదాన్లో వస్తాలే, నేను వెళ్లకపోతే కొంపలేం మునగవు" అని స్టాండులో బల్ల మీద కూర్చునేవాడు. ఒకసారి మా నాన్నతో కలిసి బెజవాడలో ఏదో పెళ్లికి బయల్దేరి, కిటికీ సీటు లేదని దిగిపోయి, అక్కడ తలంబ్రాలు కూడా అయిపోయాక చేరాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఊరుకోకుండా "దారంతా కాలవ చూసుకుంటూ వచ్చా బావా" అని సంబరంగా చెప్పాడట. మా నాన్న ఆయనతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

బందరులో పనేమీ లేకపోయినా దిగేవాడు. హల్వా కొట్టుకి వెళ్లి, ఒక్కటంటే ఒక్క ముక్క కాగితంలో పెట్టించుకుని, గోడవైపు తిరిగి నిలబడి తినేవాడు. ఒకసారి నేను వెంట ఉన్నాను. నా ముక్క నా చేతిలో ఉంది. "అటు తిరిగావేంటి మావయ్యా" అంటే నోట్లోది మింగేదాకా పలకలేదు. మింగాక చెప్పాడు.

"ఎదురుగా మనిషుంటే వాళ్లకి పెట్టాలనిపిస్తది. లేకపోతే వాళ్లే పలకరిస్తారు. గోడైతే ఏవీ అడగదు."

అక్కణ్నుంచి అత్తరు అమ్మే సాయిబుగారి దగ్గరికి. దూదిపింజకి ఒక చుక్క రాయించుకుని చెవి మడతలో పెట్టుకునేవాడు. "ఎవరికోసమండీ ఈ వయసులో ఇంత సోకు" అని సాయిబుగారు నవ్వితే, "నా ముక్కు కోసమేనండీ, చెవికి దగ్గర్లోనేగా ఉంది" అనేవాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గాలి వచ్చినప్పుడల్లా తల కొంచెం అటు వంచేవాడు, వాసన తన వైపుకే రావాలని.

ఇంత సుఖపురుషుడు ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వస్తే మాత్రం అందరినీ ఇరకాటంలో పెట్టేవాడు. పెళ్లిళ్లకి అందరూ గోడగడియారాలు, గాజుగ్లాసుల సెట్లు మెరుపుకాగితాల్లో చుట్టుకొచ్చేవాళ్లు. మావయ్య చేతులూపుకుంటూ వచ్చేవాడు. "అటక మీదకి పోయే సామాను నేనివ్వనమ్మాయ్. ఆ పెట్టెలు వాళ్లు విప్పనన్నా విప్పరు. మళ్లా ఇంకో పెళ్లికి మోసుకుపోతారు. నేను చూశాగా" అనేవాడు. మరి ఆయన ఇచ్చేది ఏమిటంటే, తేగల పాతర.

భాద్రపదంలో తెల్లవారుతుండగానే లేచి పాలకాయతిప్ప వైపు దారుల్లో, చేలగట్ల మీద రాలిన తాటిపండ్లు ఏరుకొచ్చేవాడు. పండు ఇంట్లోవాళ్లకి ఇచ్చేసి టెంకలు తను తీసుకునేవాడు. ఎవరింట్లో ఏం జరగబోతుందో కనుక్కుని, వాళ్ల పెరట్లో ఇసుక పోసి, టెంకలు పరిచి, పైన మట్టి కప్పేవాడు. చలికాలం వచ్చేసరికి టెంకలోంచి మొలక నేలలోకి దిగి తేగ అవుతుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఉన్న ఇల్లు, కొత్తగా పాలు పొంగించినవాళ్లు, రిటైరయ్యి ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూర్చుండిపోయిన మాస్టారు, ఇలా వెతుక్కుని మరీ వేసేవాడు. వేశాక ఆ ఇంట్లో వాళ్లకి అదే ధ్యాస. ఎన్నాళ్లకి వస్తాయి, ఒకటి లాగి చూడనా అని కనిపించినప్పుడల్లా అడిగేవాళ్లు. "ముట్టుకోవాకు. ఎదురు చూడు. ఆ ఎదురుచూట్టం కూడా నేనిచ్చిందే" అనేవాడు.

నా పెళ్లి శ్రావణంలో జరిగింది. మావయ్య వట్టి చేతులతో వచ్చి, సుష్టుగా భోంచేసి, పూర్ణాలు మారు అడిగి వేయించుకుని వెళ్లాడు. మా అత్తవారి వైపు వాళ్లు ఇది గమనించారు. భాద్రపదంలో ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా గోనెసంచి భుజాన వేసుకుని గుడివాడలో మా అత్తవారింటికి వచ్చాడు. అప్పుడు మాకు పెరడున్న ఇల్లు ఉండేది. సంచి గుమ్మంలో దించి, మా అత్తగారితో "మా అమ్మాయికి నా కానుకండి" అని చెప్పి, కిటికీ సీటున్న బస్సు పోతుందని వెంటనే వెళ్లిపోయాడు. ఆవిడ సంచి విప్పి చూసింది. తాటిటెంకలు. పెళ్లికానుకగా టెంకలెవరైనా ఇస్తారా, ఇస్తే పాతర కోసం ఇస్తారా? మా వైపు ఎండిన టెంకలు నీళ్లపొయ్యిలోకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. పాపం ఉన్నంతలో వంటచెరుకు పట్టుకొచ్చాడనుకుని, ఆవిడ వాటిని మేడ మీద బాగా ఎండబెట్టి, రోజూ కాగు కింద పెట్టి మా అందరికీ వేణ్నీళ్లు కాచింది.

మార్గశిరంలో మావయ్య గునపం పట్టుకుని దిగాడు. "అమ్మాయ్, పాతర ఏ మూలేశారు?" అని అడిగాడు. ఆయన వచ్చి వెళ్లిన సంగతే నాకెవరూ చెప్పలేదు, నాకేమీ అర్థం కాలేదు. మా అత్తగారు మాత్రం ఎంతో మర్యాదగా, "మీ టెంకలు భలే మండాయండీ అన్నయ్యగారూ. కట్టెల మాటే ఎత్తలేదు మేం" అంది. విషయం అర్థమై నేను తలెత్తలేకపోయాను. మావయ్య ఒక్క క్షణం గునపం వైపు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నీళ్లు బాగా కాగాయా అమ్మా?"

"సలసలా కాగాయండీ."

"అయితే కానుక అందినట్టే. ఇంకేవన్నా మిగిలాయా?"

"నాలుగున్నాయండీ."

"ఓ కాగు పెట్టించండి, నేనూ పోసుకుంటా."

పెట్టించారు. తన కానుకతో కాచిన నీళ్లు తనే పోసుకుని, తీగ మీద ఎండకి వేసిన చొక్కా తొడుక్కుని, గుడివాడలో మా వీధంతా వినిపించేలా "అబ్బా" అన్నాడు. మా అత్తగారు ఉలిక్కిపడి ఏమైందండీ అని బయటికి పరిగెత్తుకొచ్చింది. నేను నవ్వలేక చచ్చాను.

ఇక చందమామ సంగతి చెప్పాలి. తేగల్ని కుండలో కూరి, కుండ బోర్లించి, చుట్టూ గడ్డేసి కాలుస్తారు. కాలిన తేగ తొక్క ఒలిచి, రెండు బద్దలుగా చీలిస్తే మధ్యలో లేత మొలక ఒకటి ఉంటుంది. దాన్నే చందమామ అంటాం. తేగంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు. చల్లపల్లిలో మావయ్య పిల్లలందర్నీ కూర్చోబెట్టి తేగలు చీల్చి పంచేవాడు. బద్దలు మాకు. చందమామ మాత్రం కళ్లు మూసుకుని తనే తినేవాడు. ఊళ్లో ఏ పెద్దమనిషీ చెయ్యని పని. ఎవరైనా అది పిల్లలకే పెడతారు. నేను ఏడ్చి గోల చేస్తే ఒలవని తేగ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇది నాది, నేను తిన్నా. అది నీది. చీల్చుకో, నీ చందమామ నీకే ఉంటది."

చీల్చబోతే అడ్డదిడ్డంగా విరిగి చందమామ ముక్కలైంది. ఆ ముక్కలు మా తమ్ముడు ఎత్తుకుపోయాడు. అప్పట్నుంచీ మావయ్య ఎప్పుడు కనిపించినా "నాకో చందమామ బాకీ ఉన్నావు" అనేదాన్ని. ఆయనెప్పుడూ తీర్చలేదు.

పెళ్లయ్యాక చీల్చడం నాకు బాగానే వచ్చింది. టెంకల గొడవ జరిగినప్పట్నుంచీ మావయ్య ఏటా తేగలే తెచ్చేవాడు. నేను ఒలిచేదాన్ని. ఒక బద్ద అత్తగారికి, ఒక బద్ద మా ఆయనకి, చందమామ మా అమ్మాయికి. పళ్లెంలో మిగిలిన పీచు తీసుకుని పనిలోకి వెళ్లేదాన్ని. ఒక ఏడు మావయ్య అలాగే కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వేం తిన్నావే?"

"నాకు పెద్ద ఇష్టం ఉండదు మావయ్యా."

ఆయన నా మొహం వైపు చూశాడు. చల్లపల్లిలో చందమామ కోసం నేలమీద పడి దొర్లిన పిల్లని నేనేనని ఆయనకి తెలుసు. తన చేతిలో ఉన్న చందమామ మాత్రం నాకు పెట్టలేదు, ఎప్పట్లాగే కళ్లు మూసుకుని తినేశాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

మొన్న భాద్రపదంలో ఆటోలో దిగాడు, గోనెసంచితో. ఇప్పుడు మాకు పెరడు లేదు. పాత నీలం డ్రమ్ముకి అడుగంచున చుట్టూ చిల్లులు పెట్టించి, పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడుక్కొచ్చి, మా ఆయన చేతా వాచ్‌మన్ చేతా మేడ మీదకి మోయించాడు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆగాడు. ఆయాసం వస్తోందని ఒప్పుకోకుండా, ఇక్కడ గాలి బాగుంది, ఇక్కడా గాలి బాగుంది అన్నాడు. టెంకలు పరిచి గోనెపట్టా కప్పాడు.

"నీళ్లు చిలకరించు, పొయ్యవాకు. ధనుర్మాసం పట్టేదాకా తవ్వకు. ముందే కదిపితే మొలకలు తెగిపోతాయి."

"తవ్వేటప్పుడు నువ్వొస్తావుగా? ఈసారైనా చందమామ నాకు పెడతావా?"

"నేనెందుకు పెడతానే? నీ చేతులకేవైంది?"

అదే ఆఖరి మాట. కార్తీకంలో ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం తీగ మీద చొక్కా తెచ్చుకుందామని పెరట్లోకి వెళ్లి, చొక్కా ఒళ్లో పెట్టుకుని చపటా మీద అలా కూర్చుండిపోయాడట. ఇంట్లోవాళ్లు చూసేసరికి చొక్కా ఇంకా వెచ్చగానే ఉందట. అది విని ఏడ్చాను. ఆఫీసులో, టేబుల్ మీద తల పెట్టుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

అదే నెలలో వాయుగుండం పట్టి రోజుల తరబడి వాన. గోనెపట్టా మీద ప్లాస్టిక్ కవరు కట్టాను గానీ గాలికి ఎగిరిపోయింది. డ్రమ్ములో నీళ్లు నిలిచాయి. వంచితే మొలకలు తెగుతాయి, వంచకపోతే కుళ్లిపోతాయి. గొడుగు పట్టుకుని చిల్లుల్లో పుల్లలు పెట్టి పొడుస్తూ కూర్చున్నాను. నీళ్లైతే పోయాయి. లోపల సంగతి మాత్రం తెలియదు.

అది చాలదన్నట్టు అపార్ట్‌మెంటు మీటింగు. వానకి పై ఫ్లోరులో చెమ్మ దిగిందని మేడకి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలన్నారు. మేస్త్రీ వెంటనే మొదలుపెడతానన్నాడు, మేడ మీద పూచికపుల్ల కూడా ఉండకూడదన్నాడు. నేను ఆ మీటింగుల్లో ఎప్పుడూ నోరు తెరిచిందాన్ని కాదు. పార్కింగులో మా చోటు ఇంకొకళ్లు వాడుకుంటున్నా సర్దుకున్నదాన్ని. ఆ రోజు లేచి నిలబడ్డాను.

"ధనుర్మాసం పట్టేదాకా ఆగాలండీ. నా డ్రమ్ము కదపడానికి లేదు."

"ఏముందమ్మా అందులో?" అని సెక్రెటరీగారు అడిగారు.

"తేగలండీ."

అందరూ నవ్వారు. సెక్రెటరీగారు నవ్వకుండా, సముదాయిస్తున్నట్టు, "తేగలు బజార్లో కట్టలు కట్టలు అమ్ముతున్నారు కదమ్మా, బస్టాండు దగ్గర" అన్నారు.

"అవి వాళ్లవండీ. ఇవి నావి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన నావైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. సెక్రెటరీగారు కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "సరేనమ్మా, ధనుర్మాసం పట్టాక వచ్చే సోమవారం నుంచి మేస్త్రీని రమ్మంటాను. ముందురోజు ఆదివారం ఖాళీ చేసెయ్యి" అన్నారు. మెట్లు దిగుతూ నా పక్కకొచ్చి, చిన్నప్పుడు బంటుమిల్లిలో వాళ్ల నాయనమ్మ కూడా పాతర వేసేదని చెప్పారు.

ఆ ఆదివారం రేపే. ఊరాయో, కుళ్లాయో. నిద్ర పట్టేలా లేదు.

*

పైదంతా నిన్న రాశాను. మిగిలింది చెప్పేస్తాను.

పొద్దున్నే ఎవర్నీ లేపకుండా మేడెక్కాను. కాఫీ కూడా తాగలేదు. డ్రమ్ము అంచు మీదకి వంగి, చేత్తో ఇసుక తోడాను. పైవరస టెంకలు మెత్తగా చేతికి అంటుకున్నాయి. వాసన. కుళ్లిపోయాయి. ఇంకో టెంక తీశాను, అదీ అంతే. ఏడుపు ఆపుకుంటూ ఇంకొంచెం లోపలికి చెయ్యి పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. వేళ్లతో చుట్టూ ఇసుక వదులు చేసి లాగాను. వచ్చింది. మూరెడు తేగ, తెల్లగా, తడిగా, ఇసుక అంటుకుని. "అబ్బా" అన్నాను. కింద ఫ్లోరులో ఎవరో కిటికీ తెరిచిన చప్పుడైంది.

అడుగు వరసలు చాలావరకు బతికాయి. బుట్టెడు రాలేదు, కానీ పళ్లెం నిండింది. మేడ మీద మంట పెడితే మేస్త్రీ చంపేస్తాడని కిందకి తెచ్చి, కడిగి, ఉన్నవాటిలో బాగా లావుగా ఉన్నది ఏరుకుని, పుల్కాల జాలీ మీద పెట్టి గ్యాసు మీదే కాల్చాను. ఇది చూస్తే మావయ్య ఊరుకునేవాడు కాదు. మిగిలినవి అందరికీ ఉడికించడానికి గిన్నెలో నీళ్లు పోసి పెట్టి, కాలిన తేగ కొంగులో చుట్టుకుని మళ్లీ మేడెక్కాను. చెయ్యి చురుక్కుమంటోంది. ఆగలేకపోతున్నాను.

తొక్క ఒలిచాను. కొసన గోరుతో నొక్కి, రెండు బొటనవేళ్లు పెట్టి విడదీశాను. శుభ్రంగా, ఎక్కడా విరగకుండా రెండు బద్దలైంది. మధ్యలో చందమామ, లేతగా, పొగలు కక్కుతూ.

అప్పుడే మెట్ల మీద అడుగులు. మా అమ్మాయి. మంచం మీద నేను లేనని వెతుక్కుంటూ వస్తోంది. "అమ్మా, తవ్వేశావా? అమ్మా, నా చందమామ ఉంచావా?"

నా చెయ్యి దానంతటదే మెట్ల వైపు వెళ్లింది. నిజం, వెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు. బద్దలు రెండూ మా అమ్మాయి కోసం ట్యాంకు మీద పెట్టాను. గిన్నెలో దాని తేగలు దానికున్నాయి, ఎలా చీల్చుకోవాలో ఇవాళ నేర్పిస్తాను.

ట్యాంకు గోడవైపు తిరిగి నిలబడ్డాను. చందమామ నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"అమ్మా, అటు తిరిగావేంటి?"

మింగేదాకా నేను పలకలేదు.